ఆవృత్తియు అర్థమును

వేదమునందు ఒక్క వాక్యమైనను నిరర్థకము కాదని నమ్మిన మీమాంసకులకు, విధింపక, నిషేధింపక, కేవలము స్తుతించుచు కథలు చెప్పుచు నుండు వాక్యముల గతి యేమను చిక్కు ఎదురుకాగా, అవి అర్థవాదములనియు, విధులతో చేరి సార్థకములగుననియు జైమిని సమాధానము చెప్పెను. ఆ ప్రశ్నయే నేడు డీఎన్ఏ విషయమున మరల తలయెత్తినది. మానవ జీనోమునందు ప్రోటీనులను విధించు భాగము నూటికి 2 పాళ్లకు లోపే. వచ్చినదే మరల వచ్చు పునరావృత్తములో, దాదాపు సగము. 1972లో జన్యుశాస్త్రజ్ఞుడు సుసుము ఓనో ప్రోటీనులను విధింపని మిగులు భాగములో అధికాంశమును 'జంక్', అనగా చెత్త, అని వ్యవహరించెను.

పునరావృత్తములు పుట్టు తీరులలో ఒకటి తెలియగోరువారు రామకోటి వ్రాయు వృద్ధురాలిని తలచుకొనుడు. ఒక పుటలోని నామములను లెక్క తప్పక మరియొక పుట కెత్తి వ్రాయుమన్నచో, అన్నియు ఒకటే గనుక చూపు జారును. ఒక నామము హెచ్చును, లేదా తగ్గును. కణము తన డీఎన్ఏకు ప్రతి వ్రాసికొనునపుడును, ఒకే అక్షరగుచ్ఛము వెంటవెంట నున్నచోట, కొత్త పోగు ఒక మెట్టు జారి అతుకుకొనును.

ఎఫ్ఎంఆర్1 అను జన్యువునందు, ప్రోటీను సందేశము మొదలగుటకు ముందు, సీజీజీ అను త్ర్యక్షరి సామాన్యముగా 30 మారుల దరిదాపున వచ్చును. 200 దాటెనా, జన్యువు మూగవోవును, బిడ్డ బుద్ధివికాసము కుంటువడును. కావున అది ప్రయోజనము గలదేనందురా? ద్వారమున కడ్డముగా పెరిగిన చెట్టు రాకపోకలను ఆపినంతమాత్రమున ఇంటికి అంగము కాజాలదు. హాని చేయు శక్తి వేరు, ప్రయోజనము వేరు.

మరియొక విచిత్రము. కట్లపాము జాతి సర్పమొకదాని డీఎన్ఏలో శాస్త్రజ్ఞుడు లాల్జీ సింగ్ పరిశీలించిన గాటా అను చతురక్షరి పునరావృత్తి మానవులయందును కనబడినది. హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధనాలయములో దాని ఆధారముననే డీఎన్ఏ వేలిముద్రల పద్ధతి రూపొంది, న్యాయస్థానములలో పితృత్వమునకు సాక్ష్యమైనది. ఈ ప్రయోజనము పామునకును లేదు, ప్రకృతికిని లేదు; మన మిచ్చినది.

వేదము అపౌరుషేయము, దోషరహితము అని నమ్మినవాడు ప్రత్యక్షరమునకును అర్థ మడుగుట న్యాయమే. ప్రకృతి అట్టి మాట ఎవరికిని ఇయ్యలేదు. ఇచట అక్షరము ముందు పుట్టును. అర్థము వచ్చినచో వెనుక వచ్చును, లేనిచో రాదు. లెక్కకు మించి పడిన నామమును ఆ వృద్ధురాలు మాత్రము కొట్టివేయునా?