ఆదాకు దక్కిన ధర

కరెంటు ఆదా చేయమని నీతులు చెబితే ఫ్యాక్టరీలు వింటాయా? లాభం లెక్క చూపిస్తే వింటాయి. 2012లో కేంద్రం ‘పాట్’ పథకంతో చేసింది అదే. సిమెంటు, ఉక్కు, ఎరువుల వంటి 8 రంగాల్లోని పెద్ద కర్మాగారాలకు లక్ష్యాలు పెట్టింది. మించి ఆదా చేసినవారికి పత్రాలిచ్చింది. ఒక్కో పత్రం విలువ టన్ను చమురుతో సమానమైన ఇంధనం. వెనకబడినవారు వాటిని కొనాలని, లేదా జరిమానా కట్టాలని నిబంధన పెట్టింది.

ఆదా ఎలా సాధ్యమంటారా? సిమెంటు బట్టీనే చూడండి. గొట్టంలోంచి వృథాగా పోయే వేడిగాలిని పట్టి, నీటిని ఆవిరి చేసి, టర్బైను తిప్పితే అక్కడికక్కడే కరెంటు పుడుతుంది.

మరి ఊళ్లోని రైస్ మిల్లు సంగతి? పాత మోటారు ఎంత కరెంటు తాగేస్తోందో లెక్కగట్టి చెప్పే నిపుణుడు, కొత్తదానికి తేలిక వాయిదాల అప్పు కావాలి. పెద్దలకిచ్చిన ప్రోత్సాహం చిన్నవారికీ అందాలి. దారి చూపిస్తే, నాలుగు రూపాయలు మిగిలే పనిని ఏ యజమానీ కాదనడు.