వదలకపోవడం, వదలలేకపోవడం

ఇరవై ఏళ్ళుగా ఆఫీసుల్లో పాత సిస్టంలోని డేటాని కొత్త సిస్టంలోకి మార్చిపెట్టడమే నా వృత్తి. అలాంటివాణ్ణి నా సొంత ఫోను మార్చుకోడానికి మూడేళ్ళు తటపటాయించాను. "ఊరందరి పెళ్ళిళ్ళూ చేసే పురోహితుడికి తన ఇంట్లో ముహూర్తం కుదరలేదట" అని మా ఆవిడ ఎగతాళి చేసేది.

నాది ఐఫోను. మారాలనుకున్నది ఆండ్రాయిడ్‌కి. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అన్న ఒక్క తెలుగు అక్షరం వచ్చిపడితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలుతున్నాయని లోకమంతా గోల చేసినప్పుడు కూడా నాకు మారాలనిపించలేదు. కొద్ది రోజుల్లోనే దాన్ని సరిచేశారు కూడా. అసలు కారణం వేరు. తెనాలిలో అమ్మ దగ్గర్నుంచి చుట్టాలందరి చేతుల్లోనూ ఆండ్రాయిడే. సింగపూర్‌లో కూర్చుని "అమ్మా, పైన మూలనున్న గుర్తు నొక్కు" అని చెప్పాలంటే నా చేతిలోనూ అలాంటిదే ఉండాలి కదా!

నన్ను ఆపింది నాన్న. ఆయన 2019లో పోయారు. అంతకుముందు మూడేళ్ళు వాట్సాప్‌లో మాటలు రికార్డు చేసి పంపేవారు. టైపు చెయ్యడం ఆయనకి విసుగు. "ఒరేయ్, అక్కడ వానలా? ఇక్కడ పొద్దుట్నుంచీ కరెంటు లేదు" లాంటి కబుర్లే అన్నీ.

వాట్సాప్ సంభాషణల్ని ఐఫోను నుంచి ఆండ్రాయిడ్‌కి ఉన్నవి ఉన్నట్టుగా తరలించే అధికారికమైన దారి 2021 దాకా లేదు. ఒకదాని బ్యాకప్ ఐక్లౌడ్‌లో, రెండోదానిది గూగుల్ డ్రైవ్‌లో. ఒక ఇంటి తాళంచెవి ఇంకో ఇంటికి పట్టదు. ఈమెయిల్లో పంపుకుని దాచుకోవచ్చు గానీ, కొత్త ఫోనులో నాన్న పేరు నొక్కితే ఆయన మాటా నా జవాబూ వరసగా కనిపించవు. అందుకని "నాన్న కోసం ఈ ఫోను వదలను" అని అందరికీ చెప్పేవాణ్ణి. అలా చెప్పుకోవడం నాకే గొప్పగా ఉండేది.

కానీ లోపల ఒక సందేహం తొలుస్తూండేది. వదలకపోవడం, వదలలేకపోవడం ఒకటేనా? బయట గడియ పెట్టిన ఇంట్లో కూర్చున్నవాడు "నాకీ ఇల్లంటే ఎంత ప్రేమో" అంటే మీరు నమ్ముతారా?

నేను 2005లో ఇక్కడికొచ్చిన కొత్తలో ఒక సెల్ నంబరు తీసుకున్నాను. అప్పట్లో కంపెనీ మారితే నంబరూ మారేది. 2008 జూన్ 13న సింగపూర్‌లో పూర్తిస్థాయి నంబర్ పోర్టబిలిటీ వచ్చింది. ఇండియాలో అది 2011 జనవరిలో దేశమంతటా వచ్చింది. అంతవరకూ నేను ఆ కంపెనీకి నమ్మకమైన ఖాతాదారుణ్ణి అనుకునేవాణ్ణి. నిజానికి గుంజకి కట్టేసిన గొడ్డుని. ఆ తర్వాత కూడా నేను కంపెనీ మారలేదు. అదే బిల్లు, అదే నంబరు, కానీ అప్పట్నుంచే అది నా ఇష్టం అయింది.

పాస్‌పోర్టు సంగతీ అంతే. ఇండియా, సింగపూర్ రెండూ రెండు పౌరసత్వాలకి ఒప్పుకోవు. నేనింకా పి.ఆర్.నే. దేశభక్తి అనే చెప్పుకుంటాను. అందులో భక్తి ఎంత, ఫారాలు నింపే బద్ధకమెంత అని నిలదీస్తే నేను నీళ్ళు నమలాల్సిందే.

2021 ఆగస్టులో వాట్సాప్ ఆ దారి తెరుస్తున్నట్టు ప్రకటించింది, ముందుగా సామ్‌సంగ్ ఫోన్లకి. మరుసటి ఏడాది అటునుంచి ఇటు రావడానికీ దారి వచ్చింది. గడియ తీశారు. నేను మాత్రం ఏడాది దాటినా కదల్లేదు. ఇంక నాన్న పేరు చెప్పుకోడానికీ లేదు.

2022 చివర్లో ఒక ఆదివారం కొత్త సామ్‌సంగ్ ఫోను, కేబులూ ముందు పెట్టుకుని కూర్చున్నాను. మార్చేముందు ఏమేం ఉన్నాయో సరిచూసుకోవడం వృత్తి నేర్పిన అలవాటు. మొదట్నుంచీ చూసుకుంటూ వచ్చాను. ఇన్నాళ్ళూ నేను దేనికి భయపడ్డానో అప్పుడు తెలిసింది. నాన్న నిమిషంన్నర మాట్లాడితే, దానికింద నాదొక బొటనవేలి బొమ్మ. కొన్నిచోట్ల "మీటింగులో ఉన్నా". కొన్నిచోట్ల అదీ లేదు. మూడు సందేశాలు అసలు విననేలేదు.

ఆయన ఉన్నన్నాళ్ళూ మా ఇద్దరి మధ్యా ఏ గడియా లేదు. ఏ ఆపరేటింగ్ సిస్టమూ అడ్డు కాదు. అప్పుడు ఇవ్వాల్సిన పది నిమిషాలు ఇవ్వకుండా, పోయాక ఫోను దాచుకుని విధేయత అన్నాను. వస్తువుని పట్టుకు వేలాడటం చాలా సులువు. అది మనల్ని తిరిగి ఏమీ అడగదు.

ఆ మూడూ విన్నాను. ఒకటి కరెంటు గురించి. ఒకటి మామిడికాయలు దింపించడం గురించి. మూడోదాంట్లో నాన్న అంటున్నారు: "ఒరేయ్, ఈ ఫోనులో అక్షరాలు చీమల్లా ఉన్నాయి. పెద్దవి చెయ్యడం ఎలాగో కాస్త చెప్పు."

తరలింపు ఆ రోజే పూర్తయింది. ఒక్కటీ పోలేదు. నాన్న ఫోను ఇప్పుడు అమ్మ వాడుతోంది. సాయంత్రం ఆవిడకి ఫోన్ చేసి, నా కొత్త ఫోనులో చూసుకుంటూ ఒక్కొక్క మెట్టూ చెప్పాను. మధ్యలో రెండుసార్లు లైన్ కట్ చేసేసింది. మళ్ళీ చేశాను.

"ఇప్పుడు బాగా కనిపిస్తున్నాయిరా. ఇది ముందే చెప్పొచ్చుగా!" అంది.