పెట్టె మీది అంకె

మా అబ్బాయికి పదమూడేళ్లు. ఎనిమిదో తరగతి. జీటీఏ ఫైవ్ అనే వీడియో గేమ్ ఆడతానని కొంతకాలంగా అడుగుతున్నాడు. వద్దన్నాను. ఎందుకు వద్దని అడిగితే మొదట పెట్టె మీది 18 అంకె చూపించాను. "అది ఎవరు వేశారమ్మా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. నేను నిజంగా ఆ అంకెను నమ్మి వద్దంటున్నానా, లేక నా మనసులో ఇంకేదో ఉంటే దానికి ఆ అంకెను అడ్డం పెట్టుకుంటున్నానా? పిల్లవాణ్ని వద్దనే హక్కు తల్లికి ఉంది. కానీ వాడు ఈ వయసుకొచ్చాక కారణం చెప్పకుండా వద్దనడం నాకు సబబుగా తోచదు.

ఆ అంకె కథ 1993లో మొదలైంది. మోర్టల్ కోంబాట్ అనే కొట్లాట ఆటలో ఓడినవాడి తలను వెన్నెముకతో సహా పీకే దృశ్యం ఉంది. అలాంటివి పిల్లల చేతుల్లోకి వెళ్తున్నాయని అమెరికాలో గగ్గోలు పుట్టింది. ఆ డిసెంబరులో సెనేటర్లు జో లీబర్‌మన్, హెర్బ్ కోల్ విచారణ జరిపారు. ప్రభుత్వం చట్టం తెచ్చేలోపే ఆటల పరిశ్రమ 1994లో ఈఎస్ఆర్‌బీ అనే సంస్థను తానే పెట్టుకుంది. దాని లెక్కలో 'ఎమ్' గుర్తు ఉన్న ఆట పదిహేడేళ్లు, ఆపై వయసువారికి. యూరప్‌లో 2003లో వచ్చిన పెగీ సంస్థ అలాంటి ఆటల్లో చాలావాటికి 18 వేస్తుంది. మన దేశంలో ఈ రెండు గుర్తులకూ చట్టబలం లేదు. సినిమాకైతే సెన్సార్ బోర్డు ఉంది, 2023లో చట్టం సవరించి యూఏను కూడా 7, 13, 16 అని మూడు మెట్లు చేశారు. 'ఏ' సర్టిఫికెట్ సినిమాకు పిల్లవాణ్ని తీసుకెళ్తే హాలు గేటు దగ్గర ఆపే మనిషైనా ఉంటాడు. ఇంట్లో కంప్యూటర్ ముందు ఆ మనిషి లేడు. ఉంటే గింటే నేనే.

మా అన్నయ్య వాదన వేరు. వరంగల్‌లో మా ఇంట్లో అసెంబుల్డ్ కంప్యూటర్ కొన్నది వాడి ఇంటర్ రోజుల్లో. జీటీఏ పాత భాగమైన వైస్ సిటీని వాడు ఆడుతుంటే నేను వెనక కుర్చీలో కూర్చుని చూసేదాన్ని. చీట్ కోడ్లు నేను గుర్తుపెట్టుకుని చెప్పేదాన్ని. పాంజర్ అని టైప్ చేస్తే ఆకాశం నుంచి ట్యాంకు దిగేది. మా వీధిలో ఆ ఆట ఆడని మగపిల్లవాడు లేడు. "మేమంతా ఆడినం గదనే. ఏమైంది మాకు? ఒక్కడన్నా రౌడీ అయ్యిండా?" అంటాడు అన్నయ్య. కాలేదు. వాళ్లలో డాక్టరున్నాడు, బ్యాంకు ఉద్యోగులున్నారు, మా అన్నయ్య స్వయంగా పిల్లలకు లెక్కలు చెబుతాడు, చీమకైనా హాని తలపెట్టని మనిషి.

పరిశోధనలు చాలావరకు అన్నయ్య పక్షానే ఉన్నాయి. 2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు బ్రిటన్‌లో పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలు సుమారు వెయ్యి మందినీ వాళ్ల తల్లిదండ్రులనూ అడిగి చూశారు. హింసాత్మక ఆటలకూ పిల్లల దూకుడుకూ సంబంధం కనిపించలేదు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో, సమాజంలో హింసకు ఈ ఆటలే కారణమనడానికి తగిన ఆధారం లేదని చెప్పింది. అరుపులు, తోపులాటలు లాంటి చిన్నపాటి దూకుడుతో మాత్రం స్వల్ప సంబంధం ఉందంది. కాబట్టి ఆట ఆడితే వీడు రేపు కత్తి పడతాడన్న భయం నాకు లేదు. చాలామంది తల్లులు ఆ భయం దగ్గరే ఆగిపోతారు. అది తప్పని తేలగానే ఇక అభ్యంతరమే లేదనుకుంటారు. నాకు అక్కడే అసలు ఆలోచన మొదలైంది.

హింస వల్లే వద్దనుకుంటే ముందు మహాభారతాన్ని మూసెయ్యాలి. భీముడు దుశ్శాసనుడి రొమ్ము చీల్చి నెత్తురు తాగాడని మా అమ్మమ్మ నాకు ఏడేళ్లప్పుడు చెప్పింది. అశ్వత్థామ అర్ధరాత్రి శిబిరంలో దూరి నిద్రపోతున్న ఉపపాండవులను చంపాడనీ, తప్పించుకుని వచ్చినవాళ్లను ద్వారం దగ్గర కృపుడూ కృతవర్మా నరికారనీ చెప్పింది. అమెరికా సుప్రీంకోర్టులో ఇలాంటి వాదనే గెలిచింది. హింసాత్మక ఆటలను పద్దెనిమిదేళ్లలోపు వారికి అమ్మకూడదని కాలిఫోర్నియా 2005లో చేసిన చట్టాన్ని కోర్టు 2011లో 7-2 తీర్పుతో కొట్టేసింది. తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా పిల్లల కథల్నే ముందుకు తెచ్చాడు. సిండ్రెల్లా సవతి అక్కల కళ్లను పావురాలు పొడుస్తాయి, హాన్సెల్ గ్రెటెల్ తమను బంధించినదాన్ని పొయ్యిలోకి తోస్తారు, ఇవి పిల్లలకు చెప్పడం లేదా అన్నాడు. విభేదించిన ఇద్దరిలో ఒకరైన జస్టిస్ థామస్, తల్లిదండ్రులను దాటి పిల్లలతో మాట్లాడే హక్కు వాక్‌స్వాతంత్ర్యంలో భాగం కాదన్నాడు. చట్టం సంగతిలో నేను స్కాలియా వైపే ఉంటాను. పోలీసు వచ్చి నా కొడుకు ఏ ఆట ఆడాలో చెప్పనక్కర్లేదు. పిల్లవాడి విషయంలో మాత్రం ఆ పోలిక నాకు చాలలేదు.

అమ్మమ్మ చెప్పిన కథ అశ్వత్థామ దగ్గర ఆగలేదు. తెల్లవారాక ద్రౌపది ఏడ్చింది. తర్వాత స్త్రీపర్వం ఉంది. గాంధారి రణభూమికి వచ్చి ఒక్కొక్క శవాన్నీ చూసింది, ఎవరి భర్త, ఎవరి కొడుకు అని పేరుపేరునా చూపించింది. తిక్కన అదంతా తెలుగు చేశాడు. యుద్ధం ఎంత అవసరమో ఆ తర్వాతి దుఃఖం కూడా కథకు అంత అవసరమని ఆ పెద్దలు అనుకున్నారు. చెప్పే అమ్మమ్మ పక్కనే ఉంది. నేను భయపడితే ఆగింది. "పాపం వాళ్లేం చేశారు అమ్మమ్మా?" అంటే జవాబు వెతుక్కుంది.

వైస్ సిటీలో చచ్చినవాడి పక్కన డబ్బు రాలుతుంది. ఏరుకోవచ్చు. శవం కాసేపటికి మాయమవుతుంది. ఎవరూ ఏడవరు. అన్నయ్య వెనక కూర్చున్నప్పుడు నన్ను ఇబ్బంది పెట్టింది తుపాకులు కావు. ఆ ఆటలో రోడ్డు పక్కన నిలబడే ఆడవాళ్లను కారులో ఎక్కించుకోవచ్చు. డబ్బు తగ్గి ప్రాణబలం పెరుగుతుంది. దిగాక ఆమెను చంపితే ఇచ్చిన డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. ఇది మా వీధి పిల్లలు ఒకరికొకరు చెప్పుకునే కిటుకు. అన్నయ్య ఫ్రెండ్స్ అది చేసి నవ్వినప్పుడు నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. నేను వెనకే ఉన్నానన్న సంగతి ఆ నిమిషంలో వాళ్లకు గుర్తులేదు, అంతే. ఆ 'అంతే'ను నేను ఇన్నేళ్లయినా తేలిగ్గా తీసుకోలేకపోతున్నాను. పరిశోధకులు దూకుడును కొలుస్తారు. పక్కనున్న మనిషి గుర్తులేకపోవడాన్ని ఏ ప్రశ్నావళి పట్టుకుంటుంది?

చూడడం వేరు, చేయడం వేరు అని కొందరు అంటారు. కాల్ ఆఫ్ డ్యూటీ ఆటల్లో 2009 నాటి ఒక భాగంలో ఉగ్రవాదుల గుంపుతో కలిసి విమానాశ్రయంలో జనాన్ని కాల్చే ఘట్టం ఉంది. ఆటగాడు జనం మీద ఒక్క తూటా పేల్చకుండా నడిచిపోవచ్చు, ఇష్టం లేకపోతే ఆ ఘట్టాన్నే దాటేయొచ్చు. జీటీఏ ఫైవ్‌లో ట్రెవర్ అనే పాత్ర ఒక మనిషిని హింసించే చోట అంత సులువుగా తప్పుకోనివ్వరు. ఆటగాడే పటకారా, కరెంటా, నీళ్లా అని ఎంచుకోవాలి. నిజం చెప్పాలంటే ఆ ఘట్టం హింసను సమర్థించదు. కట్టేసినవాడు అడిగితే చెప్పేయడానికి మొదటినుంచీ సిద్ధంగానే ఉంటాడు. చివర్లో ట్రెవరే అతన్ని విమానాశ్రయానికి తీసుకెళ్తూ హింసతో నిజం రాబట్టడమనేది బూటకమని తిడతాడు. ప్రభుత్వాల మీద పదునైన వ్యంగ్యం అది. నాకు ముప్పై దాటాక చూస్తే అర్థమైంది. పదమూడేళ్లవాడికి పటకారు కనిపిస్తుంది, వ్యంగ్యం వినిపించకపోవచ్చు. పెట్టె మీది అంకెను నేను నమ్మేది ఈ ఒక్క అర్థంలోనే. నెత్తురు చూసే ధైర్యం పన్నెండేళ్లకే వస్తుంది. తన చేత చేయిస్తున్నవాడు తననే ఎత్తిపొడుస్తున్నాడని గ్రహించడానికి ఇంకొన్నేళ్లు పడుతుంది.

అయితే ఆ అంకెకు కనిపించనివి చాలా ఉన్నాయి. ఫిఫా పేరుతో వచ్చిన ఫుట్‌బాల్ ఆట అందరికీ తగినదే అనేవారు, పెగీ లెక్కలో మూడేళ్లవాడూ ఆడొచ్చు. కానీ అందులో డబ్బిచ్చి కొనే ప్యాకెట్లుండేవి, తెరిస్తేగానీ ఏ ఆటగాడు దొరికాడో తెలిసేది కాదు. ఇలాంటివి జూదమేనని బెల్జియం 2018లో తేల్చింది. ఇక ఆన్‌లైన్‌లో హెడ్‌ఫోన్ పెట్టుకున్నాక అవతల ఏ ఊరివాడో, ఏ వయసువాడో, ఏం మాట్లాడతాడో రేటింగు ఇచ్చేవాళ్లకూ తెలియదు. మా అబ్బాయి మొదటిసారి బండబూతు విన్నది మహా అయితే రెండు చుక్కల రక్తం కనిపించే ఒక ఆటలోనే.

నిషేధాల గురించి పెద్దగా చెప్పను. 2019లో రాజ్‌కోట్ పోలీసులు పబ్జీ ఆడుతున్నారని కుర్రాళ్లను అరెస్టు చేశారు. 2020లో కేంద్రం ఆ ఆటను వేరే కారణాలతో ఆపేసింది, మరుసటి ఏడే అది బీజీఎమ్ఐ పేరుతో తిరిగొచ్చింది. దక్షిణ కొరియా 2011లో అర్ధరాత్రి దాటాక పదహారేళ్లలోపు పిల్లలు ఆడకుండా చట్టం చేసి, పదేళ్లకు తానే వద్దనుకుంది. ఇంటి నిషేధం కూడా అంతే. నేను వద్దంటే వాడు పై ఫ్లాట్‌లోని ఫ్రెండ్ ఇంట్లో ఆడతాడు. అది నాకు తెలుసు, నాకు తెలుసని వాడికీ తెలుసు. అందుకే అక్కడికి వెళ్లొద్దనలేదు. వెళ్లి చూస్తే ఏం చూశావో వచ్చి చెప్పమన్నాను. ఇప్పటివరకు చెబుతున్నాడు. ఆ దారి మూసుకుపోయేలా కోప్పడకూడదన్నదే నాకు అన్నిటికన్నా కష్టంగా ఉంది.

ఒక ఆట మాత్రం నేనే తెచ్చాను. దాని మీదా అలాంటి అంకే ఉంది. దిస్ వార్ ఆఫ్ మైన్. పోలండ్ కంపెనీ 2014లో చేసింది, సరయెవో ముట్టడి దానికి ప్రేరణ. 2020లో పోలండ్ ప్రభుత్వం దాన్ని హైస్కూలు పిల్లల ఐచ్ఛిక పఠన జాబితాలో చేర్చింది, అదీ పద్దెనిమిది నిండినవారికే. ఇందులో మనం సైనికులం కాదు. ముట్టడిలో చిక్కుకున్న మామూలు మనుషులం. పగలు ఇంట్లో పొయ్యి, మంచం సరిచేసుకోవాలి, రాత్రి ఎవరో ఒకరు బయటికి వెళ్లి తిండీ మందులూ వెతికి తేవాలి. ఒక ఇంట్లో వృద్ధ దంపతులుంటారు. వాళ్ల మందులు ఎత్తుకురావచ్చు, వాళ్లు అడ్డుకోలేరు. కానీ మర్నాడు మన మనుషులు దిగులుపడి కూర్చుంటారు. మరీ కుంగిపోతే చెప్పిన పనీ చేయరు. ఇక్కడ చావుకు ఏడ్చేవాళ్లున్నారు.

ముందు నేనొక్కదాన్నే ఆడి చూశాను. తర్వాత ఆదివారాలు ఇద్దరం ఆడాం. మొదట్లో వాడికి విసుగొచ్చింది, "స్లోగా ఉందమ్మా" అన్నాడు. ముసలివాళ్ల ఇంట్లో మందులు తీసుకున్నాడు. నేను ఆపలేదు. ఆటలో మా మనుషుల్లో ఒకడైన పావ్లే జబ్బుతో ఉన్నాడు, మందు నిజంగానే కావాలి. సూపర్‌మార్కెట్ అనే చోటు ఒకటుంది, అక్కడ ఒక సైనికుడు ఒక అమ్మాయిని లాక్కెళ్తుంటాడు. అక్కడికి పంపాలా వద్దా అని చాలా ఆలోచించాను. ఏం కనిపిస్తుందో ముందే చెప్పి, పక్కన కూర్చున్నాను. మావాడు నడిపే మనిషి దగ్గర తుపాకీ లేదు. మావాడు తెర ముందు చెయ్యాడక ఆగిపోయాడు. "వెళ్తే నన్ను చంపేస్తాడు. వెళ్లకపోతే? ఏం చెయ్యాలమ్మా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. వెనక్కి వచ్చేశాడు. అన్నం తినేటప్పుడు దాని గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. బస్సులో ఎవడైనా ఆడపిల్లను వేధిస్తుంటే చేతిలో ఏమీ లేనివాడు ఏం చెయ్యగలడు, అరవగలడా, కండక్టర్ని పిలవగలడా, దాకా వెళ్లింది మాట.

"అది పద్దెనిమిదే, ఇదీ పద్దెనిమిదే. ఇదేం న్యాయం?" అని అన్నయ్య ఫోన్లో అడిగాడు. ఒకటి మనుషుల్ని మరిపిస్తుంది, ఇంకోటి గుర్తుచేస్తుంది, నేను చూసేది అదే అన్నాను. వాడు ఒప్పుకోలేదు. జీటీఏలో ఊరు చూడడం, కారులో తిరగడం, రేడియో వినడం కూడా ఉందనీ, నేను వాటిని లెక్కలోకి తీసుకోవడం లేదనీ అన్నాడు. ఆ మాట నిజమే. అంత పెద్ద ఊరిని అంత శ్రద్ధగా కట్టినవాళ్ల పనితనాన్ని నేను తక్కువ చేయలేను.

మా అబ్బాయితో పదహారేళ్లకు మళ్లీ మాట్లాడుకుందామని ఒప్పందం కుదిరింది. జీటీఏ ఐదో భాగంలో మనం నడిపే ముగ్గురూ మగవాళ్లే. ఆరో భాగం ట్రైలర్ 2023 డిసెంబరులో వచ్చింది, అందులో లూసియా అనే స్త్రీ ప్రధాన పాత్ర. వాడికి పదహారు వచ్చేసరికి ఆ ఆటే అడుగుతాడు. ఆ ఊరు ఆమెను ఎలా చూస్తుందో, రోడ్డు పక్కన నిలబడ్డ మిగతా ఆడవాళ్లను ఎలా చూస్తుందో ముందు నేను ఆడి చూస్తాను. ఈసారి వెనక కుర్చీలోంచి కాదు.