అరువు చేతులు

ధ్యానభాగము: ఆదికాండము 27:1-38



ఒకని పేరు మరియొకడు పెట్టుకొని, అతనికి రావలసినదానిని అపహరించుట ఫోనులతో పుట్టిన పాపము కాదు. ఇస్సాకు గుడారములోనే అది జరిగెను. ఆయన కన్నులకు మసక కమ్మియుండెను. రిబ్కా ఏశావు బట్టలను యాకోబునకు తొడిగించి, మేకపిల్లల చర్మములతో అతని చేతులను కప్పి, తండ్రి యొద్దకు పంపెను.

ఇస్సాకు సందేహింపక పోలేదు. వేట ఇంత త్వరగా ఎట్లు దొరికినదని అడిగెను. గొంతు వేరుగా ఉన్నదని గుర్తించెను. నీవు ఏశావువేనా అని మరల అడిగెను. అయితే ఆ ప్రశ్నలన్నియు మోసగించువానినే అడిగెను! అతడు దేవుని పేరు చెప్పి జవాబిచ్చెను. ఒక పనివానిని పంపి పొలములో విచారించినయెడల సంగతి తేలియుండెడిది. యాకోబు బయటికి వెళ్లినంతనే ఏశావు వచ్చెను. తండ్రి కొంచెము ఆగియున్నయెడల, నిజము తన కాళ్లమీదనే గుమ్మమునొద్దకు వచ్చియుండెడిది.

అరువు చేతులు నేడును ఉన్నవి. 2018 జూన్‌లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లా ధర్మారములో సిమ్ కార్డులు అమ్ము యువకుడొకడు పట్టుబడెను. భూముల రిజిస్ట్రేషన్ పత్రములలోని వ్రేలిముద్రలను వెబ్‌సైటు నుండి తీసికొని, రబ్బరు ముద్రలు చేసి, ఎరుగనివారి పేర్లమీద వేలాది సిమ్ కార్డులు నడిపించెనని పోలీసులు తెలిపిరి. నాడు మేకతోలు, నేడు రబ్బరు. అందుచేత మన ఆధార్ వ్రేలిముద్రలను ఆధార్ అధికారిక యాప్‌లో లాక్ చేసికొనుట మేలు. అవసరమైనప్పుడు మరల తెరువవచ్చును.

బిడ్డలారా, దెందులూరు, ఏలూరు ప్రాంతములవారమైన మనము కొల్లేటి మావులను ఎరుగుదుము. చేప లోనికి దూరుట సులభము, వెలికి వచ్చుట కష్టము. నేటి మావులు మీ చేతిలోని ఫోనులోనే ఉన్నవి. విద్యార్థి వేతనము వచ్చినది, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టుమని ఒకడు చెప్పును. డబ్బు పుచ్చుకొనుటకు పిన్ అక్కరలేదు; పిన్ కొట్టితే పోవునది మీ డబ్బే. ఆటలో వజ్రములు ఉచితమని చెప్పి మీ పాస్‌వర్డ్ అడుగుదురు. పెండ్లి శుభలేఖ అని ఏపీకే ఫైలు పంపుదురు. దానిని తెరిస్తే మీ ఓటీపీలు దొంగ చేతిలో పడవచ్చును. పాస్టరుగారి ఫోటో పెట్టి, ఆపదలో ఉన్నాను, వెంటనే పంపుమని అడుగుదురు.

అప్పుడు ఇస్సాకు చేయనిదానిని మీరు చేయుడి. ఆగుడి. అడిగినవానినే మరల అడుగక, మీరు ముందునుండి ఎరిగిన నంబరునకు ఫోను చేయుడి. అమ్మనో నాన్ననో పిలిచి చూపుడి. సందేహించుట అవిశ్వాసము కాదు. ఆత్మలను సైతము పరీక్షించి చూడవలెనని యోహాను తన మొదటి పత్రికలో బోధించెను గదా!

ఇస్సాకువలె మోసపోకుండుటయే చాలదు, యాకోబు కాకుండుటయు అవసరమే. నీ బ్యాంకు ఖాతా కొన్నాళ్లు ఇమ్ము, కమీషన్ ఇచ్చెదమని కాలేజీ పిల్లలను అడుగువారున్నారు. అట్టి ఖాతాలలో నడుచునది ఎవరినో దోచిన సొమ్ము. పోలీసులు మొదట వచ్చునది ఖాతాదారుని ఇంటికే. అన్న పేరును అరువు తెచ్చుకొన్న యాకోబు ఇల్లు విడిచి ఇరువది సంవత్సరములు పరవాసియై, లాబాను చేతిలో తానే మోసపోయెను.

తల్లిదండ్రులారా, మీతో ఒక మాట. 2022 సెప్టెంబరులో మన గోదావరి ఆవలి ఒడ్డున రాజమహేంద్రవరములో, లోన్ యాప్‌వారి బెదిరింపులకును అవమానమునకును తాళలేక యౌవన దంపతులు ప్రాణములు తీసికొనిరి. ఇద్దరు చిన్న ఆడపిల్లలు అనాథలైరి. డబ్బు మరల సంపాదింపవచ్చును, ప్రాణము రాదు. మోసపోయిన ఏశావు తండ్రి యెదుట బిగ్గరగా ఏడ్చెను. మీ బిడ్డయు మీ యెదుట ఏడ్వగలవాడై యుండవలెను. ఎంత పోయినదని గద్దించుటకు ముందు, చెప్పి మంచిపని చేసితివి నాయనా అని దగ్గరకు తీసికొనుడి. వెంటనే 1930 నంబరునకు ఫోను చేసి, బ్యాంకునకు తెలుపుడి. ఎంత త్వరపడితే సొమ్మును ఆపుటకు అంత అవకాశము. ఈ ఒక్క విషయములోనే తొందర మంచిది.

ఈ ఆదివారము ఆరాధన తరువాత ప్రతి కుటుంబమును తమ పిల్లలను కూర్చుండబెట్టుకొని, ఏమి జరిగినను మాతో చెప్పవచ్చునని మాట యిచ్చునుగాక. తన గొఱ్ఱెలను పేరు పెట్టి పిలుచు మంచి కాపరి, అన్యుల గొంతును గుర్తించు వివేకమును మన బిడ్డలకు దయచేయునుగాక. ఆమేన్.