గజేంద్రుణ్ణి స్వామి ఓటీపీ అడగలేదు

జై శ్రీమన్నారాయణ!

ఈ వారం మన గజేంద్ర మోక్షం వీడియో చూశారు కదా. అప్పటి నుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. వైద్యం ఉచితం, తలుపు తెరిచే ఉంది. అయినా ఒక మనిషి లోపలికి రాలేకపోతే తప్పెవరిది?

మా అపార్ట్‌మెంట్‌లో మెట్లు తుడిచే అక్కకి కడుపునొప్పి వస్తే పోయిన నెల ఒక ఆసుపత్రికి తోడు వెళ్ళాను. కార్డు ఉంది. కానీ కౌంటర్ దగ్గర వేలిముద్ర పడలేదు. ఏళ్ల తరబడి ఫినాయిల్లో, అంట్ల సబ్బులో నాని వేళ్ల గీతలు అరిగిపోయాయి. పోనీ ఓటీపీ అంటే, ఆధార్‌కి ఇచ్చిన నంబరు ఊళ్లో కొడుకు దగ్గరుంది. అతను ఎత్తలేదు. "నంబర్ మార్పించుకుని రండి" అన్నారు. అంటే ఇంకో లైను, ఇంకో రోజు నాగా, జీతంలో కోత. "వద్దులే తమ్ముడూ, గోలీ వేసుకుంటా" అంది అక్క.

నాకు కోపం కంటే సిగ్గు ఎక్కువేసింది. ఆఫీసులో నేను రాసేది లాగిన్ స్క్రీన్లే. ఓటీపీ రాలేదని కంప్లైంట్ వస్తే "యూజర్ సైడ్ ఇష్యూ" అని టికెట్ క్లోజ్ చేసిన రోజులు చాలా ఉన్నాయి. ఆ యూజర్ ముఖం మొదటిసారి చూశాను.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో 108, 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాయి. వాటివల్ల బతికినవాళ్లు మన బంధువుల్లోనే ఉంటారు. అయినా అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో, రోడ్డు లేని గూడేల నుంచి గర్భిణులను డోలీ కట్టి మోసుకొస్తున్నారు. అంబులెన్స్ ఉచితమే, కానీ అది రోడ్డు ఉన్నంతవరకే వస్తుంది. అక్కడ కువి మాట్లాడే అమ్మకి తెలుగు ఫారం కూడా ఒక కొండే. డబ్బు ఒక్కటే అడ్డు కాదు. దారి, కూలి, కాగితం, భాష, "కసురుకుంటారేమో" అన్న భయం, అన్నీ అడ్డే.

పోతన గారి భాగవతంలో స్వామి లక్ష్మీదేవికి చెప్పలేదు, శంఖచక్రాలు చేతబట్టలేదు, ఉన్నపళంగా కదిలాడు. ఇన్నాళ్లూ దాన్ని గజేంద్రుడి భక్తి గొప్పతనంగానే విన్నాను. ఇప్పుడు ఇంకో సంగతి తోచింది. మొసలి కాలు పట్టుకున్నవాడు వైకుంఠం దాకా నడిచి రాలేడు. అందుకే స్వామే మడుగు దాకా వచ్చాడు. పిలవడం వరకే గజేంద్రుడి వంతు. మిగతా దూరమంతా స్వామిది.

"రూల్స్ లేకపోతే దొంగ కార్డులు వస్తాయి కదా" అంటారు. నిజమే, తనిఖీ ఉండాలి. కానీ వేలిముద్ర పడనివాళ్లకి రెండో దారి ముందే ఉంచాలి. ఆ దారి వెతుక్కునే భారం కూడా రోగి మీదే వేస్తే, తలుపు తెరిచి ఉందని మనం చెప్పుకోవడంలో అర్థం లేదు.

మర్నాడు లీవు పెట్టి అక్కతో ఆధార్ సెంటర్‌కి వెళ్ళాను. నంబరు మారింది, స్కాన్ ఇంకా జరగాలి. ఆఫీసులో ఓటీపీ రానివాళ్లకి ఇంకో దారి పెడదామని అడిగాను. ఈ స్ప్రింట్‌లో కుదరదన్నారు. వచ్చే స్ప్రింట్‌లో మళ్లీ అడుగుతాను.

మీ ఇంట్లో, మీ వీధిలో పని చేసేవాళ్లలో ఎవరో ఒకరు "గోలీ వేసుకుంటాలే" అంటూ ఉంటారు. ఈసారి గుడికి వెళ్లే ముందు, వాళ్లతో ఒక్క పూట లైన్లో నిలబడండి. అదీ ప్రదక్షిణే.

జై శ్రీమన్నారాయణ!