తలుపు సందున దొరికిన చీటి

ఖరగ్‌పూరులో రైల్వే కొలువులను నమ్ముకొని వెళ్లిన తెలుగు కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. అట్టి గృహమొకటి మన యెదుట నున్నట్లు తలంచుదము. భర్త వర్కుషాపునకును భార్య పాఠశాలకును వెళ్లియుండగా పోస్టుమాన్ ఒక పార్సెలు తెచ్చెను. తలుపునకు తాళముండుటచేత చీటి వ్రాసి, తలుపు సందున నుంచి వెళ్లిపోయెను. వచ్చిన పార్సెలు తపాలా కార్యాలయములో సాధారణముగా ఏడు దినములు నిలిపి యుంచబడును. ఆలోగా గుర్తింపు కార్డు చూపి, సంతకము చేసి తీసికొనవలెను. లేనియెడల అది పంపినవారి యొద్దకే తిరిగిపోవును.

చీటి చూడగానే, శ్రీకాకుళము జిల్లాలోనున్న అక్క పంపినదని ఆ గృహస్థుడు గ్రహించెను. తండ్రి యిల్లు పంచుకొన్న నాటినుండి వారిద్దరికిని మాటలు లేవు. అతడు చీటిని గోడ క్యాలెండరు వెనుక నుంచెను. మరునాడు డ్యూటీ యనెను. ఆ మరునాడు వాన యనెను.

ఇక్కడ ఒక ప్రశ్న పుట్టుచున్నది. ఇచ్చువాడు ఇచ్చివేసెను, పుచ్చుకొనవలసినవాడు ఇంకను పుచ్చుకొనలేదు. అట్టి వరము వరమగునా?

మన దేశపు చట్టములు ఈ విషయములో గమనింపదగిన భేదము చూపుచున్నవి. 1897 నాటి జనరల్ క్లాజుల చట్టము ప్రకారము, సరియైన చిరునామాతో, రుసుము చెల్లించి, రిజిస్టరు పోస్టున పంపిన నోటీసు, విరుద్ధముగా రుజువు కానంతవరకు, చేరినట్లే యెంచబడును. తలుపు మూసికొన్నంత మాత్రమున దానిని తప్పించుకొనుట సాధ్యము కాదు. అయితే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము దానమును గూర్చి వేరుగా పలుకుచున్నది. గ్రహీత అంగీకరింపనిదే దానము పూర్తి కాదు. దాత జీవించియుండగనే ఆ అంగీకారము జరుగవలెను. అంగీకరింపక మునుపే గ్రహీత మరణించినయెడల దానము చెల్లదు.

ధర్మశాస్త్రమునకును సువార్తకును గల భేదము ఇట్టిదే. ఆజ్ఞ మన సమ్మతికొరకు వేచియుండదు. మూసిన తలుపునకు సహితము తీర్పు అంటింపబడును. కృపయైతే పుచ్చుకొను చేతికొరకు వేచియుండును. ఇందులో ఒక గంభీరమైన సంగతి కలదు. ఈ దానమునందు దాత మరల మరణింపడు. గడువు తీరునది గ్రహీత ఆయుష్షే.

యోహాను సువార్త మొదటి అధ్యాయములో మన తెలుగు బైబిలు "అంగీకరించు" అను మాట వాడినది. మత్తయి 26వ అధ్యాయములో ప్రభువు రొట్టెనిచ్చిన చోట "తీసికొను" అను మాట వాడినది. గ్రీకు మూలములో ఈ రెండు చోట్లను ఉన్నది ఒకే క్రియ. తెలుగున అంగీకారము మనస్సులోనే ముగిసిపోవచ్చును. తీసికొనుటకు చేయి చాపవలెను. ఆ గృహస్థుడు పార్సెలున్నదని ఒప్పుకొనెను, అక్కయే పంపినదనియు ఒప్పుకొనెను. అయినను అతని చేతులు వట్టివే. మన సంఘములలో ఎందరి విశ్వాసము క్యాలెండరు వెనుకనున్న చీటి వంటిదో గదా!

అట్లయిన రక్షణలో మనుష్యుని క్రియకును పాలున్నదా యని కొందరడుగుదురు. తపాలా కార్యాలయమునకు నడచిపోవుట పార్సెలునకు వెల కాదు. వెలయు తపాలా ఖర్చును పంపినవారే చెల్లించిరి. ఆ చీటి సైతము అతని యింటికి వచ్చినదే గాని అతడు వెదకి తెచ్చుకొన్నది కాదు. కాల్విన్ 1559 నాటి తన మహాగ్రంథములో విశ్వాసమును పాత్రతో పోల్చెను. పాత్ర ధనము కాదు. ధనమును పట్టుకొనునది మాత్రమే.

ప్రభువు వచ్చిన వేళ ఇంటలేకపోవుట దానంతట అదియే పాపము కాదు. పునరుత్థాన దినమున తోమా శిష్యులతో లేడు. అతని నిమిత్తము ప్రభువు ఎనిమిది దినములకు మరల వచ్చెను. అయితే ఆ రెండవమారు తోమా అక్కడ ఉండెను. వార్త చెప్పిన సహోదరులను అతడు నమ్మలేకపోయినను, వారిని విడిచిపోలేదు.

ఆ గృహస్థుని అడ్డగించినది వాన కాదు. పార్సెలు తీసికొన్నచో "నేను నీ తమ్ముడను" అని ఒప్పుకొనవలసి వచ్చును. ఉచితమైన వరము రూకలడుగదు. మన గర్వమును మాత్రము విడువుమనును. దేవుని క్షమాపణను పుచ్చుకొనుట కష్టమగుటకు కారణమిదే. తోడబుట్టినవారి క్షమాపణ విషయమునను అంతే.

ఏడవ దినమున అతడు అరపూట సెలవు పెట్టి వెళ్లి, సంతకము చేసెను. పార్సెలులో తండ్రి వాడిన కీర్తనల పుస్తకముండెను. ఆ సాయంకాలమే అతడు ఫోను చేసి, "అక్కా, అందినది" అనెను. అంతకుమించి మాట రాలేదు.

చదువరీ, నీ తలుపు సందున నున్న చీటి ఏది? గడువు ఇంకను తీరలేదు. లేచి వెళ్లుము.