ప్రతిబింబం ఎవరి సొత్తు?

కొన్నేళ్ళ క్రితం బస్తరులోని గీదం సంతలో ఇప్పపువ్వు అమ్ముకొంటున్న ఒక వృద్ధురాలి ఛాయాచిత్రం తీశాను. ఛాయాగ్రహణం నా వృత్తి కాదు. కార్యాలయ విధుల నడుమ అలవడిన అభిరుచి మాత్రమే. ఆ చిత్రాన్ని ఒక క్యాలెండరు కోసం కొనుక్కొన్నారు. మరుసటి ఏడు క్యాలెండరును తీసుకువెళ్ళి ఆమెకు చూపించాను. ఆమె చాలాసేపు చూసి, హల్బీ తెలిసిన ఒక వర్తకుని ద్వారా ఒకే మాట అడిగింది: "దీన్ని ఇంట్లో తగిలించుకొన్నవాళ్ళు నన్నెరుగుదురా?" వచ్చిన సొమ్ములో సగం ఆమె చేతిలో పెట్టాను. ప్రశ్న మాత్రం తీరలేదు.

1957 నాటి మన కాపీరైటు చట్టం దృష్టిలో ఛాయాచిత్రం ఒక కళాకృతి. సాధారణంగా తీసినవాడే దాని తొలి హక్కుదారు. అయితే, ప్రతిఫలమిచ్చి తీయించుకొన్న చిత్రంపై, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకొన్నవారికే హక్కు దక్కుతుంది. అంటే స్టూడియోలో రుసుము చెల్లించినవారికి తమ చిత్రంపై ఉన్న అధికారం, సంతలో నేలపై కూర్చున్న ఆమెకు ఈ చట్టంలో లేదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో ప్రకటించింది. కానీ ఆ హక్కును వెతుక్కొంటూ ఆమె న్యాయస్థానం మెట్లెక్కగలదా?

ఆ 1957లోనే స్వీడిష్ దర్శకుడు ఆర్నె సుక్స్‌డార్ఫ్ బస్తరులో నిర్మించిన చలనచిత్రం వెలువడింది. నారాయణపూర్ సమీపంలోని గఢ్‌బెంగాల్‌కు చెందిన మురియా బాలుడు చెంద్రు, అతని చెంతనున్న పులి లోకాన్ని ఆకర్షించాయి. ఆస్ట్రిడ్ సుక్స్‌డార్ఫ్ ఛాయాచిత్రాలతో ఒక పుస్తకమూ వచ్చింది. చెంద్రు స్వీడన్ చూసివచ్చాడు. తిరిగి స్వగ్రామంలో పేదరికంలోనే బతికి 2013లో కన్నుమూశాడు. ఎవరినీ నిందించడం నా ఉద్దేశం కాదు. ప్రతిబింబం దేశదేశాలు తిరిగినా, బింబం బతుకు మారలేదన్నదే ఇక్కడ గమనార్హం.

అమ్మడం దోషమనీ, ఉచితంగా పంచడం ఔదార్యమనీ మనలో ఒక భావన ఉంది. నేనూ అలాగే తలచి, తరువాతి చిత్రాలను మిత్రులకు సెల్‌ఫోన్లలో ఉచితంగా పంపాను. ఆలోచిస్తే, అమ్మిన చిత్రానికి కనీసం కొన్నవారెవరో తెలుసు. పంచిన చిత్రం ఏ చేతుల్లోకి, ఏ వ్యాఖ్యతో చేరిందో తెలియదు. పైగా నాది కాని ముఖాన్ని దానమిచ్చే అధికారం నాకెక్కడిది?

గీదానికి సమీపంలోని బారసూరులో గంగమహాదేవి తెలుగు శాసనం లభించింది. దానశాసనాల సంప్రదాయాన్ని పరిశీలిస్తే దాత ఎవరు, గ్రహీత ఎవరు, ఇచ్చిన భూమి ఎల్లలేమిటి, సాక్షులెవరు అన్న వివరాలకు ఎంతో ప్రాధాన్యం కనిపిస్తుంది. మన పూర్వులు ఎల్లలు చెప్పకుండా ఇవ్వడాన్ని దానంగా భావించలేదేమో! నేటి ఛాయాచిత్రానికి లేనివి ఆ ఎల్లలే.

అలాగని సంతల్లో, వీధుల్లో చిత్రాలు తీయరాదంటే చరిత్రకు సాక్ష్యం కరువవుతుంది. కరవును, అన్యాయాన్ని చూపే చిత్రం సాక్ష్యం. గోడకు అలంకారమయ్యే చిత్రం వేరు. సాక్ష్యానికి సత్యం చాలు. అలంకారానికి అనుమతి కావాలి, లాభం వస్తే అందులో వాటా ఇవ్వాలి, మనిషికి పేరుంటే ఆ పేరును ఆమె ఇష్టప్రకారమే చెప్పాలి.

ఇప్పుడు గీదం వెళ్ళినప్పుడు కెమెరా సంచిలోనే ఉంటుంది. ముందు మాట, తరువాత చిత్రం. కొందరు వద్దంటారు. అలా తీయకుండా మిగిలిన ముఖాలే నాకు ఎక్కువగా గుర్తున్నాయి.